సీరీస్ సందేహాలు: గడియారం మోసిన పనిమనిషి, కేవియర్ అమ్మిన గుమాస్తా

'ది అమెరికన్స్' చూడండి అని ఈ పేజీలో రాసినప్పట్నుంచీ ఉత్తరాలు, మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి, వాటిల్లో సగానికి సగం ఒక్క ఎపిసోడ్ గురించే. మొదటి సీజన్ రెండోది, పేరు 'ది క్లాక్'. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. అసలు చూడనివాళ్ళకి రెండు ముక్కలు: కథ 1981లో మొదలవుతుంది, వాషింగ్టన్ శివార్లలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే మొగుడూపెళ్ళాలు ఫిలిప్, ఎలిజబెత్, ఇద్దరు పిల్లలు, చక్కటి ఇల్లు, చూడ్డానికి పక్కా అమెరికన్లు, కానీ ఇద్దరూ సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ మనుషులు. సరిగ్గా వాళ్ళ ఎదురింట్లోకి అద్దెకో సొంతానికో దిగినాయన స్టాన్, ఆయన అమెరికాలో గూఢచారుల్ని పట్టుకునే ఎఫ్‌బీఐ మనిషి. అమెరికాలో ఎఫ్ఎక్స్ ఛానల్లో 2013 నుంచి 2018 దాకా ఆరు సీజన్లు, 75 ఎపిసోడ్లు వచ్చింది. కింద కథంతా చెప్పేస్తున్నా, తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్ళు పేజీ తిప్పేయండి, తర్వాత నన్ను తిట్టొద్దు.

ప్రశ్న: రెండో ఎపిసోడ్‌లో ఆ కాలేజీ కుర్రాడికి గొడుగుతో పొడిచి, ఆ తర్వాత మంచంమీద ఉన్నవాడి మొహంమీద దిండు పెట్టి నొక్కేసరికి నేను టీవీ కట్టేశానండీ. మా వారు మాత్రం చివరిదాకా చూశారు, బాగుంది అంటున్నారు. ఇలాంటివాళ్ళని హీరో హీరోయిన్లని ఎలా అనుకోవాలి? (ఓ పాఠకురాలు, రాజమండ్రి)

అనుకోనక్కర్లేదమ్మా. మీరు కట్టేసిన చోటే ఆ సీరీస్ అసలు మొదలైంది అని నా ఉద్దేశం.

మొదటి ఎపిసోడ్‌లో వీళ్ళిద్దరూ మనకి నచ్చేస్తారు కదా, పిల్లల్ని చూసుకోవడం, మొగుడికీ పెళ్ళానికీ మధ్య చెప్పుకోని ప్రేమ, ఎదురింట్లో పోలీసు, అయ్యో దొరికిపోతారేమో అని మనం వాళ్ళ తరఫున భయపడటం మొదలెడతాం. రెండో ఎపిసోడ్ వచ్చి ఆ భయాన్ని మన మొహానే కొడుతుంది. పైనుంచి ఆర్డర్ వస్తుంది, రక్షణ మంత్రి వైన్‌బర్గర్ ఇంట్లో ఆయన చదువుకునే గదిలో మైకు పెట్టాలి, టైము మూడు రోజులు. వైన్‌బర్గర్ కల్పిత మనిషి కాదు, అమెరికా అధ్యక్షుడు రీగన్ దగ్గర 1981 నుంచి 1987 దాకా నిజంగానే రక్షణ మంత్రి. మామూలుగా అయితే ఇలాంటి పనికి నెలలు పడుతుంది, మనిషిని వెతకాలి, పరిచయం పెంచుకోవాలి, మెల్లగా దించాలి. మూడు రోజుల్లో అవేమీ కుదరవు. కుదిరేది ఒక్కటే, ఆ ఇంట్లో పనిచేసే వయోలా అనే ఆవిడ కొడుకుని చావు అంచుకి తీసుకెళ్ళి, విరుగుడు మా దగ్గరుంది, ఆ గదిలో గడియారం తెచ్చివ్వు, మైకు పెట్టి ఇస్తాం, మళ్ళీ అక్కడే పెట్టెయ్ అనడం.

ఇక్కడ ఒకటి గమనించండి. వయోలా డబ్బున్న మనిషి కాదు, అధికారం ఉన్న మనిషి కాదు, ఏ తప్పూ చేయలేదు. కష్టపడి కొడుకుని కాలేజీలో చదివించుకుంటున్న నల్లజాతి తల్లి. శ్రామికవర్గం కోసం పనిచేస్తున్నాం అని నమ్మే ఎలిజబెత్ వచ్చి పీక పట్టుకున్నది సరిగ్గా ఆ శ్రామికురాలిదే. ఈ మాట సీరీస్‌లో ఎవరూ నోరు తెరిచి అనరు, అందుకే నాకు నచ్చింది. ఇంకొకటి, వయోలా వెంటనే లొంగిపోదు. దేవుణ్ణి నమ్ముకున్న మనిషి, దేవుడే చూసుకుంటాడు అని కూర్చుంటుంది. ఫిలిప్ పథకంలో ఈ లెక్క లేదు. డబ్బాశ ఉన్నవాణ్ణి డబ్బుతో కొనొచ్చు, భయం ఉన్నవాణ్ణి భయంతో కొనొచ్చు, మరి నాకేమైనా పర్లేదు నా దేవుడున్నాడు అనే మనిషిని ఏం చేస్తారు? మధ్యలో కుర్రాడి మేనమామ కూడా వచ్చి ఫిలిప్‌తో కలబడతాడు. చివరికి ఆ దిండు బయటికొచ్చింది అందుకే. మీరు టీవీ కట్టేసిన చోట ఫిలిప్ మొహం చూశారా? వాడు గెలుస్తున్న మనిషిలా ఉండడు. తెలివి అయిపోయి, ఇక చేతులతో చేసే పని మాత్రం మిగిలినవాడిలా ఉంటాడు.

మళ్ళీ పెట్టి చూడమని బలవంతం చేయను, కానీ ఇది దుర్మార్గాన్ని గొప్పగా చూపించే ఎపిసోడ్ మాత్రం కాదు.

ప్రశ్న: రక్షణ మంత్రి ఇంట్లోనే కదా పని, ఆయనకే ఒక్క మాట చెప్పేస్తే సరిపోయేది, అమెరికా మొత్తం దిగేది. వయోలా ఎందుకు చెప్పలేదు? కథలో బొక్క అనిపించింది. (కరీంనగర్ నుంచి ఓ రిటైర్డ్ టీచర్)

బొక్క కాదు సార్. అమెరికా మొత్తం దిగుతుంది, నిజమే, కానీ ఎంతసేపట్లో? కుర్రాడికి గంటలే ఉన్నాయి, ఎక్కించిన విషం ఏంటో డాక్టర్లకి తెలియదు, తెలిసిన ఇద్దరికీ చెప్పే ఉద్దేశం లేదు. చెబితే వాళ్ళు మాయమైపోతారు, వాళ్ళతోపాటు మందు కూడా. పైగా 1981లో ఒక నల్లజాతి పనిమనిషి పోయి, మీ ఇంట్లో గడియారం తీసుకెళ్ళమని నన్నెవరో బెదిరిస్తున్నారయ్యా అంటే ముందు అనుమానం ఎవరిమీదకి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కానీ అసలు జవాబు వేరే ఉంది. ఆవిడ చెప్పింది! అప్పుడు కాదు, పది ఎపిసోడ్ల తర్వాత. పన్నెండోది, పేరు 'ది ఓత్', అందులో వయోలా తనంతట తనే ఎఫ్‌బీఐ దగ్గరికెళ్ళి గడియారం సంగతి మొత్తం చెప్పేస్తుంది. కొడుకు బాగయ్యాడు, ఎవరూ మళ్ళీ బెదిరించట్లేదు, నోరు మూసుకుని ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు, అయినా ఆ బరువు మొయ్యలేక చెప్పింది. దాంతో ఆ గడియారం ఎఫ్‌బీఐ చేతిలో ఎర అయిపోయింది, సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో ఎలిజబెత్ కడుపులో తూటా దిగడానికి దారి అక్కణ్ణుంచే మొదలైంది.

బ్లాక్‌మెయిల్‌తో ఒక పని చేయించుకోవచ్చు, మనిషిని మాత్రం సంపాదించుకోలేరు. బలవంతంగా మీ వైపు వచ్చినవాళ్ళు రోజూ లెక్క రాసుకుంటూనే ఉంటారు. విజయవాడ కాల్‌మనీ లాంటిదే ఇది కూడా, ఎంత కట్టినా అసలు అలాగే ఉంటుంది, కట్టేవాడికి ఎప్పుడో ఒకరోజు తెగించడం తప్ప వేరే దారి కనపడదు.

ప్రశ్న: గొడుగుతో విషం ఎక్కించడం మరీ సినిమాటిక్‌గా లేదూ? (ఓ పాఠకుడు, గుంటూరు)

సీరీస్‌లో అన్నిటికంటే నిజమైన ముక్క అదే. 1978 సెప్టెంబర్ 7న లండన్‌లో వాటర్లూ బ్రిడ్జి దగ్గర బస్సు కోసం నిలబడ్డ జార్జి మార్కోవ్ అనే బల్గేరియా రచయితకి తొడ వెనక ఏదో కుట్టినట్టయింది, తిరిగి చూస్తే ఒకడు గొడుగు తీసుకుని వెళ్ళిపోతున్నాడు. నాలుగు రోజులకి, సెప్టెంబర్ 11న చనిపోయాడు. పోస్ట్‌మార్టమ్‌లో గుండుసూది తలకాయంత లోహపు గుండు దొరికింది. లోపల రైసిన్ అనే విషం పెట్టారని తేల్చారు, అది ఆముదం గింజల్లోంచి వచ్చే విషం. బల్గేరియా గూఢచారులకి కేజీబీ సాయం చేసిందని తర్వాత కేజీబీలోంచి బయటికొచ్చినవాళ్ళే చెప్పారు.

ఒక్క తేడా మాత్రం చూడండి, రైసిన్‌కి విరుగుడు లేదు. మార్కోవ్‌ని చంపడమే పని కాబట్టి వాళ్ళకి అక్కర్లేదు కూడా. సీరీస్‌లో అయితే విరుగుడు ఉండి తీరాలి, ఎందుకంటే వెనక్కి రావడానికి దారి చూపించకపోతే అది హత్య అవుతుంది గానీ బ్లాక్‌మెయిల్ అవదు. రాసినవాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు. సీరీస్ సృష్టికర్త జో వైస్‌బర్గ్ కొన్నాళ్ళు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో ఉద్యోగం చేసి వచ్చినవాడేగా.

ప్రశ్న: సోవియట్ ఎంబసీలో గుమాస్తా నీనా ఏదో కేవియర్ (ఖరీదైన చేపగుడ్లు) డబ్బాలు అమ్ముకుని స్టీరియో కొనుక్కుని ఇంటికి పంపింది, దానికే అంత భయపడిపోయి దేశద్రోహానికి ఒప్పుకోవాలా? మా ఊళ్ళో గల్ఫ్ నుంచి వచ్చే ప్రతివాడూ ఏదో ఒకటి తెచ్చి అమ్మేవాడే. (నెల్లూరు నుంచి ఓ షాపు ఓనర్)

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది గానీ పాయింట్ ఉంది. మనకది చిల్లర స్మగ్లింగ్. సోవియట్ యూనియన్‌లో మాత్రం సరుకు కొని లాభానికి అమ్మడమే నేరం, పైగా ఎంబసీ ఉద్యోగి, పైగా కేజీబీ ఆఫీసులో కూర్చునే మనిషి. దొరికితే మొదటి విమానంలో వెనక్కి, ఆ తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఆమెని పట్టుకున్న స్టాన్‌కి ఇది తెలుసు. అందుకే ఆయన నిన్ను అరెస్టు చేస్తా అనడు, చేయలేడు కూడా. మీవాళ్ళకి చెబుతా అంటాడు. అమెరికా పోలీసు ఆయుధం అమెరికా చట్టం కాదు, సోవియట్ చట్టం. భలే మెలిక.

ఇది కూడా గాల్లోంచి పుట్టింది కాదు. సెర్గీ మోటోరిన్ అని వాషింగ్టన్ ఎంబసీలో పనిచేసిన నిజం కేజీబీ మేజర్ ఒకాయన ఉన్నాడు. ఎనభైల మొదట్లో ఊరి శివార్లలో ఓ ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళి ఖరీదైన సరుకు కావాలన్నాడు, చేతిలో అంత డబ్బు లేదు. చివరికి బేరం ఎక్కడ కుదిరిందంటే ఎంబసీకి పన్ను లేకుండా వచ్చే వోడ్కా ఇచ్చి సరుకు పట్టుకెళ్ళడం. ఎఫ్‌బీఐ ఇదంతా చూస్తూనే ఉంది, ఆ తర్వాత ఆయన ముందుకొచ్చి కూర్చుంది. మొదట కుదరదన్నాడు, చివరికి ఒప్పుకున్నాడు. వోడ్కా బదులు కేవియర్ పెట్టి, మేజర్ బదులు గుమాస్తా అమ్మాయిని పెడితే నీనా కథ తయారు. మోటోరిన్ గతి ఏమైందంటారా, మాస్కో తిరిగెళ్ళాక పట్టుకుని కాల్చేశారు. ఆయన పేరు చెప్పినవాళ్ళు ఇద్దరూ అమెరికా వాళ్ళే, ఒకడు సీఐఏ, ఒకడు ఎఫ్‌బీఐ. వాళ్ళ సంగతి కింద ఇంకో జవాబులో వస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో పెద్ద గొడవ సార్. మా బావగారు ఎఫ్‌బీఐ స్టాన్ మంచోడు, ఫిలిప్ చెడ్డోడు అంటారు. నేను ఇద్దరూ ఒకటే అంటా. మా అక్క అయితే స్టానే ఎక్కువ చెడ్డోడు అంటుంది. తీర్పు మీరే చెప్పాలి. (అనంతపురం)

మీ అక్కగారికి నా ఓటు.

బావగారు ఎందుకలా అంటున్నారో అర్థమవుతుంది, ఫిలిప్ చేతిలో విషం ఉంది, స్టాన్ చేతిలో ఏమీ లేదు, మాట మెత్తన, కళ్ళు జాలిగా ఉంటాయి, నిన్ను కాపాడే పూచీ నాది అంటాడు. ఒకే ఎపిసోడ్‌లో అటు వయోలా, ఇటు నీనా, ఇద్దరు ఆడవాళ్ళని ఒకే వారంలో ఒకే పద్ధతిలో ఇరికిస్తారు, కెమెరా అక్కడికీ ఇక్కడికీ మారుతూ ఉంటుంది, డైలాగు మాత్రం దాదాపు ఒకటే: నేను చెప్పింది చేస్తే నువ్వు మళ్ళీ మామూలుగా బతకొచ్చు. ఈ లెక్కన మీరూ కరెక్టే, ఇద్దరూ ఒకటే.

కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఫిలిప్ గడియారం పని అయ్యాక విరుగుడు ఇచ్చేశాడు, కుర్రాడు బతికాడు. మాట నిలబెట్టుకున్నాడు. వయోలాతో నేను నీ స్నేహితుణ్ణి అని ఒక్కసారి కూడా అనలేదు, తను ఏంటో ఆవిడకి తెలుసు. స్టాన్ అలా కాదు, బ్లాక్‌మెయిల్‌తో మొదలెట్టి దానిమీద నమ్మకం కట్టాడు, దానిమీద ప్రేమ కట్టాడు, ఆ అమ్మాయి ఎంత ఎక్కువ ప్రమాదంలోకి వెళితే అంత ఎక్కువ తనమీద ఆధారపడింది, దాన్ని ప్రేమ అనే అనుకున్నాడు పాపం ఆయన కూడా. చివరికి తొమ్మిదో ఎపిసోడ్‌లో తన పార్ట్‌నర్‌ని చంపారన్న కోపంతో వ్లాద్ అనే కేజీబీ కుర్రాణ్ణి కాల్చేశాడు. వాడు నీనా ఆఫీసులో మనిషి, ఆమెకి బాగా తెలిసినవాడు. ఆ నిజం బయటపడ్డాక నీనా నేరుగా తన పై ఆఫీసర్ ఆర్కాడీ దగ్గరికెళ్ళి నేను వాళ్ళకి పనిచేశాను అని ఒప్పేసుకుంది, చావుకి సిద్ధపడే ఒప్పుకుంది. ఏ ఎపిసోడో చెప్పుకోండి చూద్దాం? అదే పన్నెండోది, వయోలా ఎఫ్‌బీఐకి చెప్పిన ఎపిసోడే. రెండోదాంట్లో ఒకే తాడుతో కట్టిన ఇద్దరూ పన్నెండోదాంట్లో ఒకేసారి తాడు తెంచుకున్నారు. సస్పెన్స్ సీరీస్‌లు బోలెడు చూశా గానీ ఇంత ఓపిగ్గా కట్టిన ముడి తక్కువ.

నీనాని ఆర్కాడీ చంపించడు, ఇక నువ్వు స్టాన్ మనిషిలా నటిస్తూ మాకు పనిచెయ్ అంటాడు. అంటే మళ్ళీ అదే, ఓనర్ మారాడు అంతే. రెండో సీజన్ చివర ఆమెని మాస్కో పంపేశారు, నాలుగో సీజన్లో ఒక ఎపిసోడ్ మధ్యలో కారిడార్లోంచి తీసుకెళ్ళి, శిక్ష చదివి, అక్కడికక్కడే కాల్చేశారు. నేనింకా మామూలు సీనే అనుకుని చూస్తున్నా. కాపాడతా అన్న ఆయన అప్పుడు ఏడు సముద్రాల అవతల ఉన్నాడు. బావగారికి ఇది చెప్పండి.

ప్రశ్న: నీనాగా వేసిన అమ్మాయిలో మన ఇండియన్ పోలికలున్నాయి, నా భ్రమా? (హనుమకొండ)

భ్రమ కాదు. ఆనెట్ మహేంద్రు, నాన్న ఇండియన్, అమ్మ రష్యన్, పుట్టింది కాబూల్లో. అందుకే ఆ రష్యన్ అంత సహజంగా ఉంటుంది.

ప్రశ్న: గడియారంలో మైకు పెట్టి అంత దూరం నుంచి వినడం 1981లో సాధ్యమేనా అన్నా? బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది? నేను ఈసీఈ థర్డ్ ఇయర్. (ఖమ్మం)

ఈసీఈ కుర్రాడివి కాబట్టి నీకు అంతకంటే మంచి కథ చెబుతా తమ్ముడూ. 1945లో మాస్కోలో అమెరికా రాయబారి హారిమన్‌కి సోవియట్ స్కూలు పిల్లలు చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్ర ఒకటి బహుమతిగా ఇచ్చారు, స్నేహానికి గుర్తుగా అని. ఆయన ముచ్చటపడి ఇంట్లో తన గది గోడకి తగిలించుకున్నాడు. అందులో మైకు ఉంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, వైరు లేదు. బయట ఎక్కడో వ్యాన్‌లోంచి రేడియో తరంగం దానిమీదకి వదిలితే లోపలున్న పల్చటి పొర గదిలో మాటలకి కదిలి ఆ తరంగాన్ని మార్చి తిప్పి పంపుతుంది, అంతే. తరంగం ఆపేస్తే అదో చచ్చిన చెక్క ముక్క, ఏ పరికరంతో వెతికినా దొరకదు. తయారు చేసింది లియోన్ థెరెమిన్, చేత్తో ముట్టుకోకుండా వాయించే ఆ విచిత్రమైన సంగీత వాయిద్యం కనిపెట్టినాయనే. 1952 దాకా ఏడేళ్ళు అది అక్కడే గోడకి వేలాడింది, రాయబారులు మారారు గానీ ముద్ర మారలేదు. 1960లో అమెరికా దాన్ని ఐక్యరాజ్యసమితిలో పెట్టి అందరికీ చూపించింది.

ఇప్పుడు ఆర్ఎఫ్ఐడీ (రేడియో తరంగాలతో చదివే) ట్యాగుల గురించి నువ్వు చదువుతున్నదానికి ఇది తాతలాంటిదే అంటారు. కాబట్టి 1981లో గడియారంలో మైకు అనేది పెద్ద విషయమే కాదు, లోపలికి ఎవరు పట్టుకెళ్తారన్నదే అన్నిటికంటే కష్టమైన పని. అక్కడ బహుమతి రూపంలో వెళ్ళింది, ఇక్కడ వయోలా చేతుల్లో వెళ్ళింది.

ప్రశ్న: నిజంగా గూఢచారి సంస్థలు బ్లాక్‌మెయిల్‌నే నమ్ముకుంటాయా? మీ జవాబుల ధోరణి చూస్తుంటే అది పనిచేయదు అన్నట్టుంది. (డల్లాస్ నుంచి ఓ తెలుగాయన)

పనిచేయదు అనలేదండీ, ఎక్కువకాలం నిలబడదు అంటున్నా. పనిచేసిన కేసు కూడా చెబుతా. జాన్ వాసల్ అని బ్రిటిష్ నౌకాదళ శాఖ గుమాస్తా, 1954లో మాస్కో ఎంబసీలో ఉద్యోగానికి వెళ్ళాడు, ఒంటరి మనిషి, అక్కడి దొరల పార్టీలకి ఆయన్నెవరూ పిలిచేవాళ్ళు కాదు. కేజీబీ వాళ్ళు పిలిచారు. ఓ పార్టీలో మందు పోసి, మగవాళ్ళతో ఉన్నప్పుడు ఫోటోలు తీసి, తర్వాత అవి ముందు పెట్టారు. అప్పటికి బ్రిటన్‌లో అది జైలుకెళ్ళే నేరం. ఆయన ఏళ్ళ తరబడి కాగితాలు మోశాడు, లండన్ తిరిగొచ్చాక కూడా మోశాడు, 1962లో దొరికాడు, 18 ఏళ్ళ శిక్ష వేశారు, పదేళ్ళు జైల్లో ఉన్నాడు. ఇక్కడ భయం ఎందుకంత కాలం నిలబడిందంటే ఆ భయాన్ని పెంచి పోషించింది వాళ్ళ సొంత దేశపు చట్టమే. 1967లో ఇంగ్లండ్ ఆ చట్టాన్ని మార్చేసింది. అయినా కేజీబీ ఒక్క ఫోటోలమీదే ఆధారపడలేదు సుమండీ, డబ్బు కూడా ఇస్తూ వచ్చింది.

ఇటు రండి. మోటోరిన్‌ని పట్టించారన్న ఇద్దరి సంగతి చెబుతానన్నా కదా. సీఐఏలో ఆల్డ్రిచ్ ఏమ్స్, ఎఫ్‌బీఐలో రాబర్ట్ హాన్సెన్. వీళ్ళని ఎవరూ బ్లాక్‌మెయిల్ చేయలేదు, గొడుగు లేదు, ఫోటోలు లేవు. 1985లో ఏమ్స్ తనే నడుచుకుంటూ వాషింగ్టన్ సోవియట్ ఎంబసీలోకి వెళ్ళి యాభై వేల డాలర్లకి బేరం పెట్టాడు, అప్పులున్నాయని. 1994 దాకా దొరకలేదు. హాన్సెన్ అయితే 2001 దాకా. ఎవరూ మెడ వంచకుండా సొంతంగా వచ్చిన ఈ ఇద్దరివల్ల పోయినన్ని ప్రాణాలు, పోయినన్ని రహస్యాలు ఏ బ్లాక్‌మెయిల్ వల్లా అమెరికాకి పోలేదు. అందుకే ఆ వృత్తిలో ముదిరినవాళ్ళు భయపెట్టి తెచ్చినవాడికంటే మండిపోయి వచ్చినవాణ్ణి, అప్పుల్లో ఉండి వచ్చినవాణ్ణి ఎక్కువ ఇష్టపడతారు. భయపడ్డవాడు చెప్పింది మాత్రమే తెస్తాడు, అది కూడా వణుక్కుంటూ. మూడు రోజుల గడువు పెడితే మాత్రం గొడుగే దిక్కు, ఎపిసోడ్‌లో ఫిలిప్‌కి ఆ గడువు మీద ఉన్న చిరాకు అదే.

ప్రశ్న: అమెరికా, రష్యా కథలు సరే, మన దగ్గర ఇలాంటివి జరగవా? (విశాఖపట్నం, ఓ నేవీ ఉద్యోగి భార్య)

మీ ఊళ్ళోనే జరిగిందమ్మా, మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు, కేంద్ర నిఘా సంస్థలు, నేవీ ఇంటెలిజెన్స్ కలిసి ఏడుగురు నేవీ సెయిలర్లని, ఒక హవాలా మనిషిని పట్టుకున్నారు, ఆ ఆపరేషన్‌కి పెట్టిన పేరే మీ కొండ పేరు, డాల్ఫిన్స్ నోస్. పోలీసులు చెప్పినదాని ప్రకారం కుర్రాళ్ళకి ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో రిక్వెస్టులు వచ్చాయి, కబుర్లు, తర్వాత బయటికి చెప్పుకోలేని చాటింగులు, ఆ తర్వాత అవి చూపించి బెదిరింపు, మధ్యలో వ్యాపారి అని చెప్పుకునే పాకిస్తాన్ హ్యాండ్లర్ ఒకడు, నౌకలు సబ్‌మెరైన్లు ఎక్కడున్నాయో చెప్పమని అడగడం, హవాలాలో డబ్బు రావడం. కేసు తర్వాత కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకి వెళ్ళింది. ఆ నెలలోనే నేవీ స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించారు.

ఈ పద్ధతి వరస చూడండి, ముందు జాలి, మధ్యలో ముడి, చివర డబ్బు. బెదిరించి ఊరుకోరు, బెదిరిపోయినవాడికే కొంచెం చేతిలో పెడతారు, పెట్టాక వాడు కేవలం బాధితుణ్ణి అని పోలీసుల దగ్గరికి వెళ్ళలేడు. సీరీస్‌లో వయోలా చేతిలో ఎవరూ రూపాయి పెట్టలేదు. ఆవిడ బయటికొచ్చి చెప్పగలిగింది, దానికి ఇదీ ఒక కారణం అనుకుంటా. ఇంట్లో కుర్రాళ్ళుంటే ఒక్క మాట చెప్పి ఉంచండి, ఎంత సిగ్గుపడే ఫోటో అయినా చాట్ అయినా బెదిరింపు వచ్చిన మొదటి రోజే ఇంట్లోనో పై ఆఫీసర్‌కో చెప్పేయమనండి, సైబర్ నేరాలకి 1930 నంబర్ ఉంది, అది కూడా ఫోన్లో సేవ్ చేసి పెట్టండి.

ప్రశ్న: మావాడు ఇంటర్ సెకండియర్, ఫ్రెండ్స్ చెప్పారని ఈ సీరీస్ చూస్తానంటున్నాడు. చూడనివ్వచ్చా? (ఓ తల్లి, తిరుపతి)

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అయ్యాక, అదీ పద్దెనిమిది నిండితేనే. హింస కంటే పడగ్గది సీన్లు ఎక్కువ, హాల్లో అందరూ కూర్చుని చూసేది కాదు.

ప్రశ్న: టైము లేదు బాస్, రెండోది చూసేసి డైరెక్టుగా పన్నెండుకి దూకెయ్యొచ్చా? (హైదరాబాద్, ఐటీ)

దూకితే నీనా ఎందుకు ఒప్పేసుకుందో అర్థం కాదు, తొమ్మిదోది చూసి తీరాలి. మరీ టైము లేకపోతే 1, 2, 4, 9, 12, 13 చూసుకోండి. నాలుగోది దేనికంటే 1981 మార్చి 30న రీగన్ మీద కాల్పులు జరిగిన రోజు కథ అది, మాస్కో, వాషింగ్టన్ రెండూ ఒకదాన్నొకటి ఎంత తప్పుగా అర్థం చేసుకున్నాయో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ సీజన్లో ఉన్నదే 13 ఎపిసోడ్లు, రెండు వీకెండ్లు పెట్టుకుంటే అయిపోతుంది. వచ్చే నెల రెండో సీజన్ ప్రశ్నలు తీసుకుంటా, ఊరి పేరు రాయడం మర్చిపోకండి, మొన్న వచ్చినవాటిల్లో నాలుగైదు ఏ ఊరివో తెలియక పక్కన పెట్టేశా.